కమ్యూనిటీతో పనిచేస్తే కెరీర్ దెబ్బతింటుందా? పీహెచ్‌డీలో చేరిన వాళ్లకి ఒక పాత ఫీల్డ్ మనిషి సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) తర్వాత మూడేళ్లు ఫీల్డ్‌లో పనిచేశారు, ఈ మధ్యే పీహెచ్‌డీలో చేరారు. జనంతో కూర్చుని వాళ్లు చెప్పే సమస్య నుంచే పరిశోధన మొదలుపెడతానంటే మీ గైడ్ "అది సోషల్ సర్వీస్, ముందు పేపర్లు రాయి, పేరొచ్చాక ఊళ్లు తిరుగుదువుగాని" అన్నారు. ఆయన మాట వినాలా, మీ మాట మీద నిలబడాలా, నిలబడితే కెరీర్ ఏమవుతుంది అని అడుగుతున్నారు.

నేనీ పనిలోకి వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా మొదలుపెట్టాను, తర్వాత పీహెచ్‌డీ చేశాను, ఇప్పుడు నేనే కొంతమందికి గైడ్‌ని, అంటే మీ గైడ్ అన్న మాట నా నోటివెంట కూడా ఒకటి రెండుసార్లు వచ్చింది. ఆయన లెక్క తప్పు కాదు. జనంతో చేసే పరిశోధన నెమ్మదిగా నడుస్తుంది, పేపర్లు ఆలస్యంగా వస్తాయి, ప్రమోషన్ ఫారంలో "ఊరివాళ్లతో పద్దెనిమిది మీటింగులు" అని రాసుకోవడానికి గడి ఉండదు. ఇదంతా నిజమే. కానీ కమ్యూనిటీ భాగస్వామ్యాన్ని ఆయన పరిశోధన పక్కన తీరిక దొరికితే చేసే మంచిపనిలా చూస్తున్నారు, నేను ఒప్పుకోనిది అక్కడ. శాంపిల్ సైజు లెక్కగట్టడం పరిశోధనలో ఎంత భాగమో ఇదీ అంతే భాగం. వదిలేస్తే మీ మంచితనానికేమీ కాదు, మీ డేటా తప్పుగా వస్తుంది.

నా మొదటి పెద్ద సర్వే సంగతి చెప్తాను, అప్పటికి నాకు ఇవేవీ తెలియదు. ఆడవాళ్లలో రక్తహీనత మీద అధ్యయనం. ఇళ్లు ర్యాండమ్‌గా ఎంచుకున్నాం, ప్రశ్నావళి పక్కాగా ఉంది, హిమోగ్లోబిన్ పరికరాలు రోజూ సరిచూసుకునేవాళ్లం. పొద్దున పదికి వెళ్లి సాయంత్రం నాలుగింటికి తిరిగొచ్చేవాళ్లం, ఎంచుకున్న ఇంట్లో ఎవరూ లేకపోతే పక్కింటికి వెళ్లమని మా రూలు. దారి చూపించడానికి ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త ఒకావిడ మాతో తిరిగేది. మూడోరోజు మధ్యాహ్నం చెట్టు కింద కూర్చున్నప్పుడు నేనేదో మాటవరసకి "పని బాగానే నడుస్తోంది కదా" అన్నాను. ఆవిడ కాసేపు ఆగి, "మీరొచ్చే టైముకి కూలికెళ్లే వాళ్లెవరూ ఇంట్లో ఉండరు కదండీ, మీకు దొరికేది బాలింతలు, ముసలివాళ్లు, ఒంట్లో బాగోనివాళ్లు, కూలికెళ్లే అవసరం లేనివాళ్లు" అంది. ఆ విషయం ఆవిడకి మొదటిరోజే తెలుసట. అడగలేదు కాబట్టి చెప్పలేదు.

దీన్నే సెలెక్షన్ బయాస్ అంటారు. ఎంపీహెచ్ పరీక్షలో ఈ ప్రశ్నకి నాకు దాదాపు ఫుల్ మార్కులొచ్చాయి. ఫీల్డ్‌లో కళ్లెదురుగా కనిపిస్తుంటే పట్టుకోలేకపోయాను. మూడురోజుల డేటా పక్కన పడేసి, తెల్లవారుజామున ఒక విడత, దీపాలు పెట్టాక ఒక విడత తిరిగి మళ్లీ మొదటినుంచి చేశాం. టీమ్ నన్ను చాలా తిట్టుకుంది, ఆ తిట్లు న్యాయమైనవే.

ఇది నా ఒక్కడి కథేం కాదు, మన రంగం పుట్టుకలోనే ఉంది. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా ఒక పంపు నీళ్ల వల్లే వస్తోందని డాక్టర్ జాన్ స్నో వాదించి దాని హ్యాండిల్ తీయించిన కథ ప్రతి క్లాసులో చెప్తారు. హెన్రీ వైట్‌హెడ్ పేరు మాత్రం చాలామంది వినరు. ఆయన డాక్టర్ కాదు, ఆ పేటలోనే చర్చిలో పనిచేసే కుర్ర పాదిరి. కలరా నీళ్ల వల్ల వస్తుందన్న స్నో వాదన ఆయనకి మొదట నచ్చలేదు, తప్పని తేల్చడానికే విచారణ మొదలుపెట్టాడు. అయితే ఆ ఇళ్లలోవాళ్లు ఆయనకి పేరుపేరునా తెలుసు, ఒకే ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లగలడు, ఎవరు ఏ పంపు నీళ్లు తాగారో, చనిపోయినవాళ్ల కోసం నీళ్లు ఎవరు మోసుకొచ్చారో అడిగి తెలుసుకోగలడు. అలా తిరుగుతూ తిరుగుతూ 1855లో 40వ నంబరు ఇంట్లో ఐదు నెలల పాప విరేచనాలతో చనిపోయిన సంగతి పట్టుకున్నాడు. ఆ తల్లి గుడ్డలు ఉతికిన నీళ్లు పోసిన మురుగుగుంటకీ పంపు బావికీ మధ్య మూడడుగుల దూరం కూడా లేదని, గుంట లోంచి మురుగు బావిలోకి దిగుతోందని తవ్వి చూస్తే తేలింది. స్నో దగ్గర ఊహ ఉంది, లెక్క ఉంది. ఆ మహమ్మారి ఎక్కణ్నుంచి మొదలైందో చూపించే మొదటి కేసు మాత్రం పేటలో మనిషికి దొరికింది.

నేను మరీ పెద్ద తప్పు చేసింది ఆ సర్వే అయిపోయాక. పేపర్ వచ్చింది, మంచి జర్నలే, మా సంస్థలో అభినందనలు, నా పీహెచ్‌డీలో ఒక అధ్యాయం. నాలుగేళ్ల తర్వాత వేరే ప్రాజెక్టు మీద అదే ఊరికి వెళ్లాను. సర్వే గురించి వివరిస్తుంటే వెనక నిలబడ్డ ఒకాయన "పోయినసారి మా ఆడవాళ్ల రక్తం తీసుకెళ్లారు, అందులో ఏముందో ఇంతవరకు చెప్పలేదు, ఇప్పుడు మళ్లీ దేనికి?" అని అడిగాడు. కోపంగా కూడా అడగలేదు. హిమోగ్లోబిన్ మరీ తక్కువగా ఉన్నవాళ్లని ఆసుపత్రికి పంపించాం, ఎథిక్స్ కమిటీకి రాసిచ్చిన ప్రకారం చేశాం. మిగతావాళ్లకి ఒక చీటీ కూడా ఇవ్వలేదు, ఊరికి మొత్తంగా ఏం తేలిందో చెప్పడానికి ఎవరూ వెళ్లలేదు. ఆ పని ఎవరిదో మా ప్రాజెక్టులో రాసే లేదు, బడ్జెట్‌లో దానికి పైసా లేదు.

ఆయనకి ఆరోజు నా దగ్గర సమాధానం లేదు. వచ్చేవారం ఫలితాలతో వస్తానని మాటిచ్చి వచ్చేశాను, వారం కాస్తా ఐదు వారాలైంది.

"రక్తం ఏమైంది" అన్న ప్రశ్న చాలాచోట్ల చాలా ఖరీదైంది. అమెరికాలో హవాసుపాయ్ అనే ఆదివాసీ తెగ వాళ్ల దగ్గర 1990 తర్వాత అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు మధుమేహం మీద పని అని రక్తం తీసుకున్నారు. తర్వాత అదే రక్తంతో స్కిజోఫ్రీనియా మీద, వాళ్ల పూర్వీకులు ఎక్కణ్నుంచి వలసొచ్చారన్న దాని మీద పరిశోధనలు జరిగాయి. 2003లో ఆ తెగకి చెందిన ఒకామె ఒక డాక్టొరల్ ప్రెజెంటేషన్‌కి వెళ్లి అక్కడ విని, లేచి అనుమతి గురించి అడిగితే గానీ వాళ్లకి తెలియలేదు. 2010లో యూనివర్సిటీ 7 లక్షల డాలర్లిచ్చి, మిగిలిన రక్త నమూనాలు వెనక్కిచ్చి రాజీపడింది. ఆ ఏడాదే మన దగ్గర ఖమ్మం జిల్లా గుర్తుందా? 2009 జులైలో బాలికలకి హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు మొదలైంది, కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణం కాదనే విచారణ కమిటీ అభిప్రాయపడింది, ఆ టీకా మంచిదే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ఆపుతుంది. కానీ అనుమతి పత్రాల మీద చాలామందికి తల్లిదండ్రులకి బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారని తేలింది. సైన్స్ సరిగ్గా ఉండి, జనంతో మాట్లాడే పని అడ్డదారిలో చేస్తే ఏమవుతుందో పాఠం చెప్పడానికి నేను విద్యార్థులకి ఇదే ఉదాహరణ ఇస్తాను. ఒక మంచి టీకా మీద అనుమానం ఏళ్ల తరబడి అంటుకుపోయింది.

ఇక నేను ఐదు వారాలకి ఫలితాలతో వెళ్లిన రోజు. లాప్‌టాప్‌లో బార్ చార్టులు పెట్టుకుని వెళ్లాను, సిగ్గుపడుతూ చెప్తున్నా. రెండో స్లైడ్‌కే ఎవరూ చూడటం లేదని అర్థమైంది. మా ఫీల్డ్ సూపర్‌వైజర్ తెలివైన మనిషి, లాప్‌టాప్ మూసేసి, పదిమంది ఆడవాళ్లని లేచి నిలబడమని, అందులో ఆరుగుర్ని ఒక పక్కకి జరగమంది. "మీ ఊళ్లో పదిమందిలో ఇంతమందికి రక్తం తక్కువుంది" అంది. నవ్వులు, గోల, ఒకళ్లనొకళ్లు వేలెత్తి చూపించుకోవడం. అప్పుడు ఒకావిడ "ఈ ఆరుగురిలో పనికెళ్లే వాళ్లెందరు, ఇంట్లో ఉండేవాళ్లెందరు?" అని అడిగింది. నా పేపర్లో ఆ టేబుల్ లేదు. డేటా ఉంది, వృత్తి అడిగాం, ఎవరికీ విడగొట్టి చూడాలని తట్టలేదు. ఆ రాత్రే కూర్చుని విడగొట్టాను. దాని మీద ఇంకో పేపర్ వచ్చింది, మొదటి పేపర్ కన్నా దానికే ఎక్కువ సైటేషన్లు, అంటే వేరేవాళ్లు తమ పేపర్లలో దాన్నే ఎక్కువ ప్రస్తావించారు. మీ గైడ్‌కి ఇది చెప్పండి, ఆయన భాషలోనే ఉంది కాబట్టి వింటారు.

పెద్దవాళ్ల కెరీర్లు చూసినా ఇదే కనిపిస్తుంది. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు జాన్స్ హాప్కిన్స్‌లో పబ్లిక్ హెల్త్ చదివి తిరిగొచ్చి 1986లో గడ్చిరోలిలో సెర్చ్ సంస్థ పెట్టారు. రాణీ బంగ్ రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లతో చేసిన అధ్యయనం 1989లో లాన్సెట్ అనే వైద్య జర్నల్లో వచ్చింది. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉందని, అంతకుముందు పరీక్ష చేయించుకున్నవాళ్లు 8 శాతమేనని అందులో తేలింది. అప్పటిదాకా మూడోప్రపంచపు ఆడవాళ్ల ఆరోగ్యమంటే కాన్పులు, కుటుంబ నియంత్రణ అనే అందరి ఆలోచన, ఆ పేపర్ దాన్ని కదిలించింది. రెండు ఊళ్లలో అంతమంది ఆడవాళ్లు నమ్మి పరీక్షకి ఒప్పుకోకపోతే ఆ అంకె రాదు, కాగితం మీద ఎంత గొప్ప డిజైన్ గీసినా రాదు. తర్వాత 1999లో నవజాత శిశువుల అధ్యయనం. ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, ఇంటి దగ్గరే పసిపిల్లల ఇన్ఫెక్షన్‌కి ఇంజక్షన్‌తో సహా వైద్యం చేయిస్తే 39 ఊళ్లలో నవజాత మరణాలు 62 శాతం తగ్గాయి. పెద్దగా చదువుకోనివాళ్ల చేత ఇంజక్షన్ ఏమిటని ముక్కున వేలేసుకున్న వాళ్లున్నారు. 2011 నుంచి ఇంటి దగ్గర నవజాత సంరక్షణ దేశమంతా ఆశా కార్యకర్తల పనిలో భాగమైంది.

ఇంకొకరు స్మరజిత్ జానా. సెక్స్ వర్కర్లు ఉండే కలకత్తా సోనాగాఛీ పేటలో 1992లో హెచ్ఐవీ, సుఖవ్యాధుల కార్యక్రమం మొదలుపెట్టిన ఎపిడెమియాలజిస్టు, అంటే జనంలో జబ్బులు ఎలా వ్యాపిస్తాయో పరిశోధించేవాడు. వెళ్లింది కండోమ్ వాడకం పెంచడానికి. అక్కడి ఆడవాళ్లనే ఆరోగ్య కార్యకర్తలుగా పెట్టుకుని, వాళ్లు చెప్పేది వింటే పోలీసులు, వడ్డీ వ్యాపారులు, పిల్లల చదువు ఇలా వచ్చాయి. అప్పుల్లో ఉన్న మనిషి కండోమ్ వద్దన్న కస్టమర్ని వెనక్కి పంపలేదు, అంతే సంగతి. 1995లో వాళ్లే దుర్బార్ అనే సంఘం, ఉషా అనే సొంత సహకార బ్యాంకు పెట్టుకున్నారు. హెచ్ఐవీ ప్రోగ్రాం రిపోర్టులో పొదుపు ఖాతా గురించి రాయాల్సి వస్తుందని ఏ గ్రాంట్ ప్రపోజల్ ముందుగా ఊహించగలదు? తర్వాత చాలా దేశాలవాళ్లు ఆ పద్ధతి నేర్చుకోవడానికి అక్కడికి వచ్చారు.

మీకు అనుమానం రావచ్చు, ఇవి గొప్పవాళ్ల కథలు, కొలతకి నిలబడతాయా అని. జార్ఖండ్, ఒడిశాల్లో ఏక్‌జుట్ సంస్థ చేసిన ట్రయల్ చూడండి, 2010 లాన్సెట్. 36 క్లస్టర్లు, అంటే ఊళ్ల గుంపులు, ర్యాండమ్‌గా పంచారు. చేసిందల్లా ఊరి ఆడవాళ్లని సంఘాలుగా నెలకోసారి కూర్చోబెట్టి, పసిపిల్లల మరణాలకి కారణాలు వాళ్లనే వెతకమని, ఏం చేయాలో వాళ్లనే తేల్చుకోమని అనడం. మూడేళ్లు కలిపి నవజాత మరణాలు 32 శాతం తక్కువ, రెండో, మూడో ఏళ్లు మాత్రమే తీసుకుంటే 45 శాతం తక్కువ. మొదటి ఏడాది కలిపితే తగ్గిపోతున్న ఆ తేడా గమనించారా, నమ్మకం కుదరడానికి పట్టే టైం అంకెల్లో కనిపించేది అక్కడే. మరి అన్నిచోట్లా పనిచేసిందా? లేదు. బంగ్లాదేశ్‌లో అలాంటి ట్రయల్‌లోనే అప్పట్లో పెద్ద తేడా రాలేదు, జనాభాకి తగినన్ని సంఘాలు లేవు, గర్భిణుల్లో వచ్చినవాళ్లు తక్కువ. 2013లో ఏడు ట్రయల్స్ కలిపి చూసినప్పుడు, గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది సంఘాల్లోకి వచ్చిన చోట్ల ఫలితం బలంగా కనిపించింది. మందుకి డోసు ఉన్నట్టే దీనికీ ఉంది. రెండు మీటింగులు పెట్టి ఫోటో దిగితే డోసు అందదు.

ఫోటో అంటే గుర్తొచ్చింది. షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా రాసింది. అడుగున జనాన్ని ఆడించడం, మధ్యలో అభిప్రాయాలు అడిగి పక్కన పెట్టేయడం, పైన నిర్ణయం వాళ్ల చేతికి ఇవ్వడం. పరిశోధకులకి సలహా ఇవ్వడానికి ఊరివాళ్లతో పెట్టే "కమ్యూనిటీ అడ్వైజరీ బోర్డు"లు నేను చూసినవాటిల్లో ఎక్కువ శాతం మధ్యమెట్ల మీదే కూర్చుని ఉంటాయి. మీరు ఏ మెట్టు మీదున్నారో తెలుసుకోవడానికి నేనొక చిన్న పరీక్ష పెట్టుకుంటాను. బోర్డు చెప్పిన మాట వల్ల ప్రోటోకాల్లో, అంటే పరిశోధన ప్రణాళికలో, ఈ ఏడాది ఒక్క మార్పయినా వచ్చిందా? రాకపోతే ఆ బోర్డుని టీ తాగే కమిటీ అనుకోవచ్చు.

ఇప్పుడు ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే ఊరివాళ్లు ఏమంటే అదే వేదం అని నేను చెప్తున్నట్టు ఉంటుంది. ఒకచోట అందరూ ఏకాభిప్రాయంగా మమ్మల్ని అడిగింది నీరసానికి సెలైన్ ఎక్కించే క్యాంప్. ఎందుకు పెట్టనో చెప్పాను, అవసరం లేకుండా ఎక్కించడం వల్ల వచ్చే ఇబ్బందులూ చెప్పాను. ఎవరికీ నచ్చలేదు, రెండు నెలలు మా టీమ్‌తో సరిగ్గా మాట్లాడలేదు. అయినా అది పెట్టకపోవడమే సరైంది. జనంతో కలిసి పనిచేయడమంటే మీకు తెలిసింది దాచుకుని తలూపడం అనుకోకండి, వాళ్లకి మీరు అక్కర్లేకుండా పోతారు.

అలాగే "కమ్యూనిటీ" అని మనం ఒక్క మాటలో అంటాం కానీ మీటింగ్‌కి వచ్చి గట్టిగా మాట్లాడే ఏడెనిమిది మందే కమ్యూనిటీ అయిపోతారు. పెద్దమనుషులు అనుమతిచ్చారు కదా అని మొదలుపెడితే, వాళ్లంటే భయపడేవాళ్లు మీరన్నా భయపడతారు. నేను ప్రతి మీటింగ్ చివర్లో "ఇవాళ ఎవరు రాలేదు?" అని అడుగుతాను. మొదట్లో "అందరూ వచ్చారు" అంటారు. మూడో మీటింగ్‌కల్లా ఎవరో ఒకరు మెల్లగా, మీటింగ్ అయ్యాక బండి దగ్గరికొచ్చి చెప్తారు. రానివాళ్ల దగ్గరికి నేను వేరే రోజు, వేరే మనిషిని వెంటబెట్టుకుని వెళ్తాను. మన రంగంలో ఆరోగ్యం అందరికన్నా దిగువన ఉండేది సాధారణంగా ఆ రానివాళ్లలోనే.

కెరీర్ ఖర్చు గురించి దాపరికం లేకుండా. నాతోపాటు పీహెచ్‌డీ మొదలుపెట్టిన ఇద్దరు నాకన్నా నాలుగేళ్ల ముందే ప్రొఫెసర్లయ్యారు. నా మొదటి గ్రాంట్ మూడేళ్లది, అందులో ఏడాది అనుమతులకి, మనుషుల్ని పెట్టుకోవడానికి పోయింది, ఇంకో ఎనిమిది నెలలు ఊళ్లో మాట్లాడటానికి. మధ్యలో ప్రశ్న మారింది, మారితే ఎథిక్స్ కమిటీకి సవరణ పంపాలి, అదో రెండు నెలలు. డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో "మీ అవుట్‌పుట్ ఏది?" అంటే నీళ్లు నమిలాను. ఆ టెన్షన్ ఇంటికి కూడా తెచ్చుకున్నాను, అది ఎవరికీ మంచిది కాదు. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ని (దాని వ్యాసాలకి సగటున వచ్చే సైటేషన్ల అంకెని) బట్టి మనుషుల్ని కొలవొద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డోరా ప్రకటన వచ్చింది, చాలా సంస్థలు సంతకాలు పెట్టాయి. సంతకం పెట్టినంత వేగంగా సెలెక్షన్ కమిటీల అలవాట్లు మారవు, దాన్ని నమ్ముకుని ప్లాన్ చేసుకోకండి.

మరి మీరేం చేయాలి? పీహెచ్‌డీని రెండు కాళ్ల మీద నిలబెట్టుకోండి. ఒకటి, అందరికీ అందుబాటులో ఉన్న జాతీయ సర్వేల డేటాతో మీ అంశం మీదే ఒక విశ్లేషణ, మొదటి ఏడాదిలో అయిపోతుంది, మీ గైడ్ గుండె కుదుటపడుతుంది. రెండోది ఊళ్లో పని. ఊళ్లో పనిని మూడు జిల్లాలకి పరచకండి, రెండు మూడు చోట్లకే ఉంచుకోండి, మళ్లీ మళ్లీ వెళ్లగలిగేంత దగ్గర్లో. మొదటి ఆరునెలల్లో జనం చెప్పినవి, ప్రశ్న ఎలా మారిందో వివరంగా రాసుకుంటే అది కూడా పేపరే, ఫార్మేటివ్ రీసెర్చ్ (అసలు అధ్యయనానికి ముందు చేసే పరిశోధన) అని ప్రచురించే జర్నల్స్ బోలెడున్నాయి. మీ గైడ్‌తో నీతి గురించి వాదించకండి, ఎవరూ నీతి పాఠం చెప్పించుకోవడానికి ఇష్టపడరు. నాన్-రెస్పాన్స్, అంటే జవాబివ్వనివాళ్ల సంఖ్య, ఎంత తగ్గుతుంది, ఫాలోఅప్‌లో ఎంతమంది మిగులుతారు, అది మాట్లాడండి. మరీ అవసరమైతే మనుషులతో చేసే వైద్య పరిశోధనకి నీతి సూత్రాలు చెప్పే, 2024 అక్టోబరులో సవరించిన హెల్సింకి ప్రకటన చూపించండి. పరిశోధనకి ముందు, జరిగేటప్పుడు, అయ్యాక కూడా పాల్గొనేవాళ్లతో, వాళ్ల సమాజాలతో సంప్రదింపులు ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లోనూ కమ్యూనిటీ గురించి ఉంది. మీరు కొత్తగా కనిపెట్టిందేమీ లేదని ఆయనకి తెలుస్తుంది.

బడ్జెట్ రాసేటప్పుడు మొహమాటపడొద్దు. సగంరోజు పని మానుకుని మీ మీటింగ్‌కి వచ్చే మనిషికి ఆ సగంరోజు ఆదాయం మీరివ్వాలి, మీ జీతం ఆ గంటలకి కూడా వస్తోంది కదా. ఫలితాలు తిరిగి చెప్పడానికి వేరే లైను పెట్టండి, ప్రయాణం, ప్రింటింగ్, ఒక మనిషి రెండు నెలల జీతం. ప్రాజెక్టు చివర్లో డబ్బు మిగిలితే చేద్దాం అనుకున్నది ఎప్పుడూ మిగలదు.

పేర్ల విషయం ఒకటి. డేటా సేకరించి, దాన్ని అర్థం చేసుకోవడంలో మీతో కూర్చున్న స్థానిక కార్యకర్తకి రచయితగా పేరు ఎందుకు పెట్టకూడదు? వైద్య జర్నల్స్ నియమాల ప్రకారం పనిలో గణనీయమైన పాత్ర, రాతలోనో సరిదిద్దడంలోనో భాగం, తుదిప్రతికి ఆమోదం, బాధ్యత, ఈ నాలుగూ ఉండాలి. డ్రాఫ్ట్‌ని ఆవిడ భాషలో చదివి వినిపించి, ఆవిడ చెప్పిన మార్పులు చేస్తే ఆ షరతులు తీర్చే అవకాశం ఆవిడకి దొరుకుతుంది. మనం ఆ అవకాశమే ఇవ్వకుండా, నియమాలు ఒప్పుకోవు అంటాం. కృతజ్ఞతల్లో పేర్లు వేసే ముందు మాత్రం ఒక్కొక్కర్నీ అడగండి. హెచ్ఐవీ, టీబీ, మానసిక ఆరోగ్యం లాంటి అధ్యయనాల్లో పేరు కనిపించడమే కొందరికి ప్రమాదం. ఊరి పేరు కూడా అంతే, చిన్న ఊరైతే "ఆ జబ్బు ఊరు" అనే ముద్ర పడుతుంది, సంబంధాలు కుదరవు, పనులు దొరకవు.

ఇక మీ గైడ్ ఎంతకీ ఒప్పుకోకపోతే? ఒక్క ఏడాది చూడండి. నిజంగా కుదరకపోతే గైడ్‌ని మార్చుకోవడం నేరమేం కాదు, కాకపోతే గొడవపడి మారకండి, ఈ రంగం చాలా చిన్నది, మీ పేపర్ రివ్యూకి ఆయన దగ్గరికే రావచ్చు. "పేరొచ్చాక ఊళ్లు తిరుగుదువుగాని" అన్న మాట మాత్రం నమ్మకండి. పేరొచ్చినవాళ్ల క్యాలెండర్ నాకు తెలుసు, నాదీ అలాగే అయింది, కమిటీలు, ప్రయాణాలు, రివ్యూలు. మూడురోజులు ఒకే ఊళ్లో కూర్చోగలిగే తీరిక మీ వయసులోనే ఉంటుంది. ఇప్పుడు అలవాటు కాని పని నలభై ఐదేళ్లకి అలవాటు కాదు.

ఎక్కడ మొదలుపెట్టాలో కూడా అడిగారు. ప్రశ్నావళి ఎథిక్స్ కమిటీకి వెళ్లకముందే, మీరు పనిచేయబోయే చోట నలుగురికి మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదివి వినిపించండి. జవాబులు రాసుకోవద్దు. ఎక్కడ నవ్వారు, ఎక్కడ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఎక్కడ "అంటే?" అన్నారు, ఏ ప్రశ్నకి అవసరం కన్నా తొందరగా "అవును" అన్నారు, పక్కన గీత పెట్టుకోండి. నా పద్ధతిలో గీతలు పడ్డ ప్రశ్నలు మూడోవంతు దాటితే ప్రశ్నావళి చించేసి ఆ నలుగురితోనే కూర్చుని కొత్తది రాస్తాను. పోయిన ప్రాజెక్టులో నలభై రెండు ప్రశ్నలకి పంతొమ్మిది గీతలు పడ్డాయి. ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్నవాడు రాసిన ప్రశ్నావళి అది.